వెనక కుడి చక్రం

అన్నయ్యకు,

నీ చెల్లి నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా అని రాయడం రివాజు కాబట్టి రాస్తున్నాను. నాన్న వేళకి తింటున్నాడు, నా సోఫాల కొట్టు నడుస్తోంది. నువ్వూ వదినా పాపా బాగున్నారని తలుస్తాను. పాపకి ముందు పళ్లు ఊడాయని రాశావుగాని ఫొటో పంపలేదు. ఆ బోసినవ్వు ఉండగానే పంపు.

నా కాలి గురించి అడిగావు. చలికి లాగుతుంది, మెట్లెక్కేటప్పుడు నేనున్నానంటుంది, అంతే. ప్రతి ఉత్తరంలోనూ నేరం చేసినవాడిలా దాని క్షేమం అడుగుతావు. ఇకనుంచి అలా అడగొద్దు. ఎందుకో చదివాక నీకే తెలుస్తుంది.

బండి అమ్మేశామా అని కూడా అడిగావు. అమ్మలేదు. కొట్టు పనికి అద్దె బళ్ల చుట్టూ తిరగలేక, షెడ్డులో పడున్న మన పికప్పునే బాగుచేయించి నేనే నడుపుకుంటానన్నాను. నాన్న ససేమిరా అన్నాడు. పాత ఇనుము కింద తూకానికి వేసెయ్యమన్నాడు. ప్రమాదం జరిగిననాటినుంచీ దాని మొహం చూడనని షెడ్డుకి తాళం వేసేశాడు కదా, కూతురి కాలు విరిచిన బండి అని ఆ బాధ ఇంకా పోలేదనుకున్నాను పిచ్చిదాన్ని. పోరగా పోరగా తాళంచెవి నా చేతిలో పడేశాడు.

మెకానిక్ వచ్చాడు. చేతికన్నా నోటికి పని ఎక్కువ చెప్పే మనిషి. ఇంజను తొందరగానే పలికింది, బ్రేకులే మమ్మల్ని ఏడిపించాయి. అసలు బండి కదల్లేదు. వెనక ఎడమ చక్రం డ్రమ్ములో బ్రేకు షూలు తుప్పుకి అతుక్కుపోయాయి. చుట్టూ సుత్తితో కొట్టి కొట్టి విడిపించాడు. తర్వాత పెడల్ తొక్కితే సరాసరి కిందికి పోయింది. బ్రేకు ఆయిల్ డబ్బాలో నల్లటి మడ్డి తప్ప ఏమీ లేదు. రబ్బర్లు మార్చి, డబ్బా కడిగి, కొత్త ఆయిల్ పోసి, పైపుల్లో గాలి తీయడానికి కూర్చున్నాం. నేను పెడల్ తొక్కిపట్టడం, అతను కిందనుంచి ఒక్కో చక్రం దగ్గర నట్టు వదులు చేయడం. మూడు చక్రాల దగ్గర బుడగలు పోయి ఆయిల్ చక్కగా వచ్చింది. వెనక కుడి చక్రం దగ్గర చుక్క రాలేదు.

తుప్పు అడ్డుపడిందేమోనని అతను పైపు వెంట వెతుక్కుంటూ పోయాడు. కాసేపటికి ఆ నోరు మూతపడింది. నన్ను వచ్చి చూడమన్నాడు. ఈ కాలితో ఎలాగో బండి కిందికి దూరాను. ఇరుసు పక్కన పైపుకి నల్ల టేపు చుట్టి ఉంది. ఊడదీస్తే, లోపల పైపుని రెండుగా మడిచి, సుత్తితో రేకులా చదును చేసి ఉంది.

"ఇది తుప్పు కాదక్కా. చక్రం దగ్గర ఆయిల్ కారుతుంటే కొందరు బాగుచేయించకుండా ఇలా పైపు మూసేసి తిప్పుతారు. ఇక ఆ చక్రానికి బ్రేకు ఉండదు. లోడుతో పల్లానికి దిగితే బండి ఎడమకి లాగేస్తుంది" అన్నాడు.

ఎడమకి లాగేసింది. ఆ మాట ఆసుపత్రిలో నా మంచం పక్కన నిలబడి ఎన్నిసార్లు చెప్పావు నువ్వు. పెడల్ మీద నిలబడ్డా ఆగలేదు నాన్నా అన్నావు. కళ్లు నెత్తికెక్కి తోలావని నాన్న నిన్ను ఇంట్లోంచి పంపేశాడు. పక్కన కూర్చున్నదాన్ని, అన్నయ్య వేగంగా పోలేదని నేను చెబితే, నీకేం తెలుసని నా నోరు మూయించాడు. ఆ బండి మీద తన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదని నీకు వేరే చెప్పాలా?

సాయంత్రం నాన్న ఎదురుగా కూర్చుని అడిగాను. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించి ఉంటే బాగుండేది. ఆ రోజు మన బండిలో వేసిన టైల్స్ చేరకపోతే మేస్త్రీ ఇంకో బండి మాట్లాడుకునేవాడట. ఒక్క ట్రిప్పు అయ్యాక బాగుచేద్దామనుకున్నాడట. చెబితే నువ్వు బండి తీయవని చెప్పలేదట. మరి తర్వాతైనా చెప్పొచ్చు కదా అన్నాను. తన చేతులు చూసుకున్నాడు.

"అప్పటికే వాడి మీద అరిచేశాను కదే. మళ్లీ మాట ఎలా మార్చను?"

అంతే అన్నయ్యా. నీకు దూరమైన ఇల్లు, నువ్వు వదులుకున్న డ్రైవింగు పని, నీ పెళ్లికి రాని తండ్రి, అన్నిటికీ కారణం ఇంతే.

రాయలేక ఇంతసేపూ వెనక్కి నెడుతూ వచ్చిన సంగతి ఇంకొకటుంది. పోయిన ఉత్తరంలో నువ్వు, ఆలోచించగా తప్పు నాదేననిపిస్తోంది, నాన్నని క్షమించమని చెప్పు అని రాశావు. బండి బయటికి తీయకముందే ఆ ముక్క నాన్నకి చదివి వినిపించాను. ఇద్దరూ కలుస్తారని నా ఆశ. మొత్తం విని, మంచినీళ్లు తాగి, "ఇప్పటికైనా తెలిసొచ్చింది వాడికి" అన్నాడు. నువ్వు చేయని తప్పుకి చెప్పుకున్న క్షమాపణ కూడా పుచ్చుకున్నాడు. ఆ పూట నేను సంతోషంతో పొంగిపోయాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

పైపు మార్పించాను. బండి ఇప్పుడు ఎక్కడ తొక్కితే అక్కడ ఆగుతోంది. నాన్న గేటు దగ్గర నిలబడి చూసి, బ్రేకు బాగా పడుతోందే అన్నాడు. నీకు రాయొద్దని బతిమాలాడు. అయితే నువ్వే రాయి అని ఈ కాగితమే ఆయన ముందు పెట్టాను. పైన "చిరంజీవి" అని రాసి కలం పక్కన పెట్టేశాడు. రోజూ చూశాను. ఇంకో అక్షరం పడలేదు. ఆ మాట కొట్టేసి దాని కింద నేను మొదలుపెట్టాను.

నిన్ను రమ్మనను. క్షమించమని కూడా అడగను. ఆ క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నానని మాత్రం ఒక్క ముక్క రాయి. అది కూడా నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ మాట నమ్మిన
చెల్లెలు