ఎనిమిది పలకల బ్యారెల్

మల్లన్నా,

నువ్వు కాలం జేసి ఏడాదైంది. సౌదిల మన ఉనైజా తుపాకుల షాపుల, మన సేటు కఫీల్ వాళ్ల తాత లివర్ గుంజి పేల్చే తుపాకి అట్లనే పడి ఉండె. దానికని నువ్వు చెక్కిన ఎనిమిది పలకల బ్యారెల్ ఇయ్యాల నేనే బిగించిన.

జర ఎక్కువ తిప్పితే పలక వంకర పోతదని మెల్లమెల్లగ బిగించిన. నువ్వు నేర్పినట్టే బ్యారెల్ మర చుట్ల అడుగున, ఒరిసే జాగ కనవడెటట్టు కాటుక రాసి తిప్పిన, విప్పి చూసి, అంటిన కాడల్ల ఆకురాయితోని రుద్దిన. ఆఖరుకు మీది పలక తుపాకి నెత్తికి సమంగ నిలిచింది. కఫీల్ కంటికాడ పెట్టి చూసి, "మాషా అల్లా, మల్లయ్యా!" అన్నడు. నీ పేరుతోని నన్ను పిలిచినా నేను దిద్దలే.

వదిన ఇంటికాడి నుంచి పంపిన కాటుక డబ్బా ఇంక ఒడువలే. దాంట్ల నీ వేలు గుర్తు అట్లనే ఉంది. నేను అంచుల పొంటి తీసుకుంటున్న.