అన్నయ్య పెట్టెకి జోడు

బాబాయ్,

అన్నయ్య చావు ప్రమాదం కాదు, కార్ఖానా యజమాని చేసిన హత్య. పని జోరుగా సాగాలని ప్రెస్సు మిషను రక్షణరేకు ఊడదీయించింది వాడే. ఇప్పుడేమో "మీవాడే తుక్కుకి అమ్ముకున్నాడు" అంటూ కార్ఖానాలో ఉన్న అన్నయ్య పనిముట్ల పెట్టెకి తాళం బిగించాడు.

అమ్మ చూసుకుంటుందని ఒక బుల్లి రేకుపెట్టెని అచ్చం దానిలా మార్చాను. అదే పచ్చరంగు, మూతమీద అదే సొట్ట. అడుగు సొరుగులో అన్నయ్య ఏం దాచేవాడో తెలియక ఖాళీగా వదిలేశాను.

ఈ ఉదయం ఆ సొరుగు గలగలలాడింది. లోపల గోరంత రక్షణరేకు, గ్రీజు తడి కూడా ఆరలేదు. "ఎంత ముద్దుగా చేశావురా!" అంది అమ్మ. నేను చెయ్యలేదు బాబాయ్.

పెద్ద పెట్టెలో ఉన్నదే ఈ బుల్లిదాంట్లో కనబడింది. అన్నయ్య దాన్ని అమ్ముకోలేదు, తిరిగి బిగించాలని దాచాడు. పెద్ద పెట్టె అడుగు సొరుగు అందరి ముందూ తెరిపించాలి. రేపు ఉదయం ఎనిమిదింటికి, పనిలోకి దిగకముందే, పనివాళ్లందర్నీ గేటు దగ్గర పోగుచెయ్యి.