ఖాళీ పేజీ మీద మొదటి సంతకం

అన్నా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. పొద్దున నీ పటానికి పూలదండ ఏసి, గ్రామసభకు పోతి. ఊరంతా ఒకటే మాట చెప్పిరి: కాలవ నీళ్లు మన చెరువుకు మళ్లించండి, ఇంకేమీ వద్దు అని. నువ్వు పెట్టిన చీనీ చెట్లు ఎండిపోతే మొన్ననే కొట్టేసినాము, ఆ సంగతి గూడా నేను చెప్పినా. సభకు వచ్చిన ఎమ్మెల్యే అంతా విని తలకాయ ఊపినాడు.

మన ఊరి పద్ధతి నీకు తెలుసు గదా. సభకు పోతానే రిజిస్టర్లో ఖాళీ పేజీ మీద సంతకాలు పెడతాము, తీర్మానం పంచాయతీ వాళ్లు తర్వాత రాసుకుంటారు. "రాసినాక, చదివి పెట్టండప్పా" అని నువ్వొక్కనివే కొట్లాడుతాంటివి. టీ చల్లారిపోతాండాదని అందరూ ఇసుక్కుంటాంటిరి. నేనూ ఇసుక్కుంటి.

సాయంత్రం పంచాయతీ ఆఫీసుకు పోయి రిజిస్టర్ చూస్తి. "నీటి సమస్య లేదు. ఊరి మొదట్లో స్వాగత తోరణం కావాలని గ్రామస్తులు ఏకగ్రీవంగా కోరినారు" అని ఉండాది.

"ఇదేందప్పా, మేము అడిగింది నీళ్లు గదా?" అంటి.

"తోరణానికే నిధులు వచ్చినాయి పెద్దాయనా. వచ్చినదాన్నే మీరు అడిగినట్టు రాయాల," అన్నాడు సెక్రటరీ. ఆయప్పకు కోపం గూడా లేదు. "ఈ సంతకం నీదే గదా?"

నాదే అన్నా. అందరి కంటే పైన ఉండాది. ఊరికి పెద్దోనివని మొదటి జాగా ఎప్పుడూ నీకే ఇడిసిపెడతాంటిరి గదా; నువ్వు లేవని, నీ జాగాలో నన్ను మొదట పెట్టమనిరి. గొప్పగా పెట్టినా.