చీకటి గదిలో చింత మొక్కలు

శాలిబండ,
12 ఆగస్టు 1974

సువర్ణా,

నువ్వు మా సామాన్ల గదిలో చీకట్లో ఉంచి వెళ్లిన చింత మొక్కలు, చేత్తో తడిమి చూస్తే, రాత్రి ఆకులు ముడుచుకుని, వెలుగు సోకకపోయినా పొద్దున్నే విప్పుతున్నాయి.

"చీకట్ల ఉంటే తెల్లారినట్టు వాటికి ఎట్ల ఎరుకైతది బిడ్డా?" అని మా అత్తమ్మ అడిగింది.

కాలేజీలో ఈ ప్రశ్న మొదట అడిగింది నేనే. నాకు పెళ్లయింది, నీకు పరిశోధన దక్కింది. వచ్చే వారం ఢిల్లీ శాస్త్రవేత్తల సభలో నువ్వు మాట్లాడతావని తలుచుకుంటే కడుపు మండుతోంది. నిన్న తలుపు బార్లా తెరిచి, వెలుగు పడనిచ్చి అంతా పాడుచేద్దామనుకున్నాను. చేయి రాలేదు.

నువ్వు రాసే వ్యాసంలో చివర కృతజ్ఞతల్లో కాదు, పైన నీ పేరు పక్కనే నా పేరుండాలి. ఒప్పుకుంటే వెంటనే జవాబు రాయి. గది తాళంచెవి నా కొంగుకే ఉంది.

నీ స్నేహితురాలు