వెండెల్ ఎడమవైపు

మా తమ్ముడు వెండెల్ మెడ విరిగింది మీవల్లే, కోచ్ గారూ. మన మిల్లు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరేవాడు వాడు. వాడి మీదికి ఎవరూ రాకుండా ఎడమవైపు అడ్డు నిలిచే ఇద్దరు భారీ మనుషుల్ని తీసేసి, దూరాన బంతి అందుకోవడానికి ముగ్గురు పరుగువీరుల్ని తెచ్చారు. నేను వద్దంటే, "తోపులాట చూడ్డానికి ఎవడు టికెట్ కొంటాడోయ్?" అని నవ్వారు. పోయిన శనివారం ఆ ముగ్గురూ దూరాన బంతి కోసం చేతులెత్తుకుని ఖాళీగా నిలబడ్డారు. బంతి వాడి చెయ్యి దాటకముందే ఎడమవైపు నుంచి ఎదుటి జట్టువాళ్లు నలుగురు వెండెల్ మీద పడ్డారు.

ఆసుపత్రిలో వాడు ఇంకా, "అన్నా, ఎడమవైపు ఎవరున్నారు?" అనే అడుగుతున్నాడు. ఎవరూ లేరని ఎలా చెప్పను?

ఈ శనివారం వాడి చోట టోబీని దింపుతున్నారట. టోబీకి పోయిన నెలే పెళ్లయింది. తీసేసిన ఇద్దర్నీ వెనక్కి పిలవండి. లేదంటే టోబీ ఆడడు, నేను ఆడనివ్వను. గురువారం సాయంత్రంలోగా జవాబు కావాలి.