వెనకద్దం మీద నీ పేరు

అక్కా,

పోయినదానికి ఉత్తరమేంటని నవ్వకు. తోడికోడళ్ళుగా ఉన్నన్నాళ్ళూ నా మాట ఏనాడూ పూర్తి కానివ్వలేదు నీ నోరు. ఇప్పుడైనా అడ్డం రావని రాస్తున్నాను.

నిన్న రేపల్లెలో నీ సంవత్సరీకానికి మన మనవలిద్దరూ కొత్త కార్లలో వచ్చారు. రెండూ ఒకే జపాన్ కంపెనీవి, రెండింటికీ ఇంజనుకు ఊపునిచ్చే టర్బో ఉంది. అయినా ఒక కడుపున పుట్టిన మన మొగుళ్ళలాగే ఎక్కడా పోలిక లేదు. మావాడిది బీరువాలా ఎత్తుగా ఉంటుంది. తెనాలి నుంచి వస్తుంటే చేతిలో మజ్జిగ తొణకలేదు. నీవాడిది నేలబారుది, వెనక ఒక రెక్క కూడానూ.

సాయంత్రం నీవాడు నన్ను బాపట్ల తిప్పుతానన్నాడు. కారు మొదట బద్ధకంగా కదిలింది.

"ఇంతేనా నాయనా?" అన్నాను.

"ఉండు చిన్న నాయనమ్మా, టర్బో అందుకోనీ."

అందుకుంది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. కర్లపాలెం ఎప్పుడు దాటామో తెలియదు. చెప్పడానికి ఒళ్ళు మండుతోంది గానీ, నీవాడి కారే గొప్పది.

దిగి చూస్తే వెనకద్దం మీద పసుపు అక్షరాలతో "భ్రమరాంబ నాయనమ్మ దీవెనలతో" అని ఉంది. ఇంటికొచ్చి మావాడిని అడిగాను.

"నా పేరేదిరా?"

"పోయినవాళ్ళ పేర్లే వేయిస్తారు నాయనమ్మా."

కాపురానికి ముందొచ్చావు, ముందే పోయావు, అద్దమూ ముందే ఎక్కావు. నీవాడి కారు బయల్దేరబోతుంటే నీ పేరంతా దుమ్ము కనిపించింది. కొంగుతో తుడిచాను. నీ కోసం కాదు, అక్షరాలు ఎంత పెద్దవో చూద్దామని.

నీ చెల్లి