కొత్త స్టార్టర్

మంగళవారం, రాత్రి

ఎండాకాలం నుంచీ మా ఆయన ఎక్కడికి వెళ్లినా నన్ను పాత ఫియట్‌లో వెంట తీసుకెళుతుంటే, ఈ వయసులోనైనా ప్రేమ పుట్టిందనుకున్నాను. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం కూడా తినిపించాడు. తిరుగు ప్రయాణంలో తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. "జర దిగి నెట్టు" అనేవాడు. కొంగు దోపుకుని నెట్టేదాన్ని.

ఇవాళ ఆబిడ్స్ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగితే నడిరోడ్డు మీద నెట్టాను. జనం నవ్వారు. స్టీరింగ్ ముందు కూర్చుని ఆయనా నవ్వాడు.

నాంపల్లి మెకానిక్ లైట్లు వేసి చూసి, "బ్యాటరీ మంచిగున్నది సార్, స్టార్టర్ మోటారే కాలింది" అని కొత్తది బిగించాడు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఈయన ముఖం వెలిగిపోయింది.

"ఇగ నువ్వు ఇంట్లనే ఉండు. నీతోని పని లేదు" అన్నాడు, మెకానిక్ ముందే.

ఇప్పుడు హాయిగా గురక పెడుతున్నాడు. రేపు కొత్త స్టార్టర్ చూపిస్తానని కాచిగూడ దోస్తులందరినీ పిలిచాడు. ఆ మోటారుకు వెళ్లే సన్న వైరు చేత్తో లాగినా ఊడొస్తుంది. మెకానిక్ తగిలిస్తుంటే పక్కనే నిలబడి చూశాను.

రానీ దోస్తులను. వాళ్ల ముందు ఆయన నెడుతుంటే, గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తాను.